హిట్ 3కి పిల్లలతో టికెట్లు బుక్ చేసేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

మేం నాలుగు టికెట్లు కొన్నాం, సినిమా చూసింది మాత్రం ఇద్దరమే. మీకైనా డబ్బులు మిగులుతాయని రాస్తున్నాను.

నేను, మా ఆయన, అత్తయ్య, ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి. ఫీజులతో కలిపి పన్నెండు వందల పైచిలుకు అయింది. గేటు దగ్గర అబ్బాయిని ఆపేశారు. "మాతోనే వస్తున్నాడు కదా తమ్ముడూ" అంటే, "ఎ సర్టిఫికెట్ మేడమ్, పద్దెనిమిది నిండాలి" అన్నాడు. మేనేజరుదీ అదే మాట. డబ్బు వెనక్కి ఇవ్వడం కుదరదట, యాప్‌లో అడిగితే థియేటర్ వాళ్ల నిబంధన అన్నారు. బుక్ చేసేటప్పుడు ఏదో హెచ్చరిక వచ్చిన మాట నిజమే. చదవకుండా ఓకే నొక్కేశాను. అంతవరకు తప్పు నాదే. కానీ పోస్టర్ పక్కన ఆ 'ఎ' అక్షరం భూతద్దం పెట్టి వెతకాల్సినంత చిన్నగా ఉంది.

మనలో చాలామందికి ఒక అపోహ ఉంది, పెద్దవాళ్లు పక్కనుంటే చాలని. అది యూఏ సినిమాల సంగతి. ఇప్పుడు అందులోనూ 7+, 13+, 16+ అని మూడు రకాలు వచ్చాయి. ఎ అంటే అమ్మానాన్నలు వెంట ఉన్నా లోపలికి వదలరు.

చివరికి అత్తయ్య మనవడితో ఫుడ్ కోర్టులో కూర్చుంది. ఆవిడకి ఈ సినిమా హీరో నాని అంటే ఇంట్లో కుర్రాడే. పాపం అనుకుంటూ లోపలికెళ్లాను. పది నిమిషాలు గడిచాక, ఆవిడ బయటే ఉండటం మంచిదైందనిపించింది.

సినిమా గురించి కూడా ఒక హెచ్చరిక ఉంది. మొదటి రెండు భాగాలు నచ్చి వెళ్తున్నవాళ్లు దీన్నుంచి అలాంటి సినిమా ఆశించకండి. మొదటి దాంట్లో ఔటర్ రింగ్ రోడ్డు మీద మాయమైన ప్రీతి కోసం, మంటను చూస్తే వణికిపోయే పోలీసు విక్రమ్ ఒక్కో ఆధారం పట్టుకుని వెతుకుతుంటే మనం కూడా వెతికాం. రెండో దాంట్లో విశాఖలో దొరికిన ఒకే శవంలో వేర్వేరు అమ్మాయిల శరీర భాగాలున్నాయని తెలిసిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తే. ఆ సినిమా ముగింపు నాకు అంతగా ఎక్కలేదు, అది వేరే సంగతి. రెండింటిలోనూ 'ఎవరు' అన్న ప్రశ్నే మనల్ని కుర్చీలో కూర్చోబెట్టింది.

ఇక్కడ ఆ ప్రశ్న చాలా త్వరగా పక్కకు పోతుంది. హత్యలు చేసి సభ్యత్వం తెచ్చుకునే డార్క్ వెబ్ (మామూలు సెర్చ్‌కి దొరకని రహస్య ఇంటర్నెట్) ముఠా ఒకటి, దాని వెంట పడే పోలీసు అర్జున్ సర్కార్, అంటే నాని. ఆలోచన భయంకరంగానే ఉంది. అయితే ద్వితీయార్ధానికి పోలీసు బుర్ర పని ఆగిపోయి, కత్తికి పని మొదలవుతుంది. ఎంతమందిని, ఎలా నరికాడన్నదే మిగులుతుంది. రెండున్నర గంటల పైన సినిమాలో చివరి భాగం నేను సగం వేళ్ల సందుల్లోంచి చూశాను.

బాగాలేదనడం లేదు. నాని ఇంత కర్కశంగా ఇదివరకు కనిపించలేదు. కేకలు వేయకుండా చూపుతోనే భయపెట్టాడు. పెళ్లి సంబంధాల సన్నివేశాల్లో మాత్రం పాత నాని తొంగి చూస్తాడు, హాలంతా నవ్వింది. సాను జాన్ వర్గీస్ కెమెరా కశ్మీర్ చలిని హాల్లోకి తెచ్చింది. చివర్లో వచ్చే అతిథుల పేర్లు చెప్పను, ఈలలు మాత్రం బాగా పడ్డాయి. యాక్షన్ కోసం వెళ్లే స్నేహితుల గుంపుకి పైసా వసూలే. బీపీ ఉన్న పెద్దవాళ్లనీ, రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లనీ తీసుకెళ్లకండి.

బుక్ చేసే ముందు సర్టిఫికెట్ చూసుకోండి. రద్దు చేసుకునే వీలుందో లేదో కూడా డబ్బు కట్టకముందే చూడండి. ఆ వీలు కొన్ని థియేటర్లు ఇవ్వవు.

బయటికొచ్చేసరికి అత్తయ్య చేతిలో మూడో కాఫీ. మా వాడు, నాలుగో భాగం వచ్చేసరికి తనకి ఎన్నేళ్లొస్తాయో వేళ్ల మీద లెక్కేసుకుంటున్నాడు.