రెయిడ్‌లో డిస్కు మార్చాలి: ముందే పీకేయడమా, ఉండగానే రీప్లేసా?

లినక్స్‌లో నాలుగు 4 టీబీ డిస్కుల రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపి వాడే పద్ధతి) అనుకోండి. వాటిలో ఎస్‌డీబీ అనే డిస్కులో పెండింగ్ సెక్టర్ల (చదవడానికి మొరాయిస్తున్న భాగాల) లెక్క రోజురోజుకీ పెరుగుతోంది, కానీ డిస్కు ఇంకా చదువుతూనే ఉంది.

చాలామందికి చేయి తిరిగిన దారి ఎండీఆడ్మ్‌తో (లినక్స్ రెయిడ్‌ను నడిపే కమాండ్) ఫెయిల్, రిమూవ్, కొత్తది బిగించి యాడ్. పని అవుతుంది. కానీ ఫెయిల్ అన్న క్షణం నుంచి రీబిల్డ్ (కొత్త డిస్కులో డేటాను తిరిగి నింపడం) ముగిసేదాకా అర్రేకి (ఈ డిస్కుల సమూహానికి) రక్షణ ఉండదు. మిగిలిన మూడు డిస్కులూ ఆసాంతం, అంటే 12 టీబీ, తప్పు రాకుండా చదివి తీరాలి. సెకనుకు 150 ఎంబీ చొప్పున నడిచినా ఏడు గంటల పైమాటే. ఈలోగా ఇంకో డిస్కులో ఒక సెక్టరు మొండికేస్తే ఆ ముక్కను తిరిగి లెక్కకట్టే దారే లేదు. ఆ ముక్క ఎస్‌డీబీలో భద్రంగానే ఉండి ఉండొచ్చు, కానీ అది ఇప్పుడు బల్ల మీద ఉంది.

రీప్లేస్ అలా కాదు. కెర్నల్ 3.3 నుంచి ఉన్న సదుపాయమిది. పాత డిస్కు అర్రేలోనే ఉండగా దాని డేటా కొత్తదానికి కాపీ అవుతుంది. చదవలేని సెక్టర్ల దగ్గర మాత్రమే మిగతా డిస్కుల సాయం తీసుకుంటుంది. మొత్తం ముగిశాకే పాతది ఫాల్టీగా పక్కకు తప్పుకుంటుంది. ముందు కొత్త డిస్కులోని పార్టిషన్‌ను (ఇక్కడ ఎస్‌డీఈ1) స్పేర్‌గా యాడ్ చేసి, తర్వాత ఇలా:

ఎండీఆడ్మ్ /డెవ్/ఎండీ0 --రీప్లేస్ /డెవ్/ఎస్‌డీబీ1 --విత్ /డెవ్/ఎస్‌డీఈ1

ఎండీస్టాట్‌లో (అర్రే స్థితిని చూపే ఫైలు) కొత్త డిస్కు పక్కన 'ఆర్' గుర్తు కనిపిస్తే కాపీ నడుస్తున్నట్టే.

దీనికి ఒక సాటా పోర్టు ఎక్కువ కావాలి. లేకపోతే డీవీడీ డ్రైవ్ కేబుల్ ఊడదీసి వాడుకోండి. కేబుళ్లు తారుమారైనా, పేర్లు మారినా ఫర్వాలేదు, ఎండీ (లినక్స్ రెయిడ్ డ్రైవర్) డిస్కులను వాటి సూపర్‌బ్లాక్‌లో రాసి ఉన్న యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్యతో గుర్తుపడుతుంది. పొరబడేది మనమే. రీబూట్ తర్వాత ఎస్‌డీబీ ఇంకో డిస్కు కావచ్చు, కాబట్టి పీకే ముందు లేబుల్ మీది సీరియల్ నంబరు సరిచూడండి.

డిస్కు కొనఊపిరితో ఉండి, ప్రతి రీడ్‌కీ అర్రే మొత్తాన్ని ఆపేస్తుంటే మాత్రం బ్యాకప్ చూసుకుని ఫెయిల్ చేయడమే మేలు. రెయిడ్ 6 అయితే ఇంకో పారిటీ (పోయిన డేటాను లెక్కకట్టే అదనపు సమాచారం) ఉంది కనుక అంత భయం లేదు.

ఏ దారైనా, డెస్క్‌టాప్ డిస్కులుంటే ముందు కెర్నల్ డిస్కు జవాబు కోసం ఆగే టైమౌట్‌ను 180 సెకన్లకు పెంచండి. పాడైన సెక్టరు దగ్గర అవి నిమిషాల తరబడి గింజుకుంటాయి. కెర్నల్ 30 సెకన్లకే విసిగి మంచి డిస్కును కూడా బయటికి తోసేస్తుంది. ఈ సెట్టింగ్ రీబూట్‌తో పోతుంది, స్టార్టప్ స్క్రిప్టులో పెట్టండి. బూట్ కూడా ఈ డిస్కుల నుంచే అయితే కొత్తదాని మీద గ్రబ్ (బూట్‌లోడర్) ఇన్‌స్టాల్ చేశాకే పాతది తీయండి.