నల్లమల అడవి పందిరికి జెడై ఎల్‌2బి డేటా: రెండేళ్లు వాడాక

అడవిలో ఆకు ఎంత ఉందో తెలిస్తే, ఆ అడవి ఎంత నీటిని ఆవిరిగా వదులుతుందో, ఎంత ఎండను నేలకు దిగకుండా ఆపుతుందో, వేసవిలో నిప్పు అంటుకుంటే కాలడానికి ఎంత ఎండుటాకు నేలమీద ఉంటుందో లెక్క కట్టవచ్చు. ఒక చదరపు మీటరు నేలపైన, ఆకుకు ఒక వైపునే లెక్కలోకి తీసుకుంటే, ఎన్ని చదరపు మీటర్ల ఆకు ఉందో చెప్పే సంఖ్యను పత్ర వైశాల్య సూచిక అంటారు. నల్లమలలో ఆత్మకూరు నుంచి దోర్నాల వెళ్లే దారికి ఇరువైపులా ఉన్న అడవిలో, అటవీశాఖ అనుమతితో, రెండేళ్లుగా ఈ సూచికను కొలుస్తున్నాను. చెట్ల కింద నిలబడి తీసుకునే కొలతలను పక్కన పెడితే, నేను ఎక్కువగా ఆధారపడింది అంతరిక్షం నుంచి లేజర్‌తో అడవిని కొలిచే జెడై పరికరం నుంచి నాసా ఉచితంగా ఇస్తున్న ఎల్‌2బి డేటా (పందిరిలో ఏ ఎత్తున ఎంత అడ్డు ఉందో లెక్కకట్టిన ఫైళ్లు) మీదే. మన అడవుల్లో దీన్ని వాడదలచిన వారికి ఇది ఏమి ఇస్తుందో, ఎక్కడ పొరపాటు జరుగుతుందో తెలిసి ఉండాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

జెడై విడిగా తిరిగే ఉపగ్రహం కాదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో జపాన్ వారి కిబో విభాగానికి బయటివైపు బిగించిన లేజర్ పరికరం. 2018 డిసెంబరు 5న ఫాల్కన్ 9 రాకెట్ మీద వెళ్లింది. మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ డుబయా దీనికి ముఖ్య పరిశోధకుడు. ఇందులోని మూడు లేజర్లు 1064 నానోమీటర్ల సమీప పరారుణ కాంతిని సెకనుకు 242 సార్లు నేల మీదికి పంపుతాయి. ఒక్కో పల్స్ నేలపై సుమారు 25 మీటర్ల వ్యాసం ఉన్న వృత్తాన్ని తాకుతుంది. అలాంటి వృత్తాలు దారి వెంట 60 మీటర్లకు ఒకటి చొప్పున, 600 మీటర్ల ఎడంతో ఎనిమిది వరుసల్లో పడతాయి. చిటారు కొమ్మలను తాకిన కాంతి ముందుగా, నేలను తాకిన కాంతి చివరగా తిరిగి వస్తుంది కాబట్టి, ఆ తేడాను బట్టి ఏ ఎత్తులో ఎంత అడ్డు ఉందో తేలుతుంది.

ఈ డేటా అసలు విలువ అక్కడే ఉంది. నాసా ఉపగ్రహాల మీది మోడిస్ పరికరం ఇచ్చే పత్ర వైశాల్యం 500 మీటర్ల పిక్సెల్‌కు ఒక్క సంఖ్య. ఎనిమిది రోజులకొకసారి వస్తుంది కాబట్టి కాలక్రమం చూడడానికి చాలా మంచిది గానీ, ఆకు చెట్టు తలలో ఉందో, కింద పొదల్లో ఉందో అది చెప్పలేదు. ఎల్‌2బి మాత్రం పందిరిని 5 మీటర్ల పొరలుగా విడదీసి, ఒక్కో పొరలో ఎంత సాంద్రత ఉందో ఇస్తుంది. బైర్లూటి దగ్గర ఒక షాట్ (ఒక పల్స్ ఇచ్చిన కొలత) గ్రాఫులో రెండు ఉబ్బులు, వాటి మధ్య దాదాపు ఖాళీ కనిపించాయి. జీపీఎస్ పట్టుకుని ఆ చోటికి వెళ్లాం. పైన టేకు, నల్లమద్ది తలలు కలిసి ఉన్నాయి. కింద ఇద్దరు మనుషుల ఎత్తున వెదురు పొదలు ఉన్నాయి. రెండింటికీ మధ్య ఉన్న ఖాళీలోంచి ఉదయపు ఎండ ఏటవాలుగా పడుతోంది. గ్రాఫులో కనిపించిన ఆ ఖాళీ కింద నిలబడినప్పుడు ఈ పరికరం మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. పై నుంచి తీసిన రంగుల చిత్రంలో ఆ చోటుకూ, పక్కనే వెదురు లేని టేకు తోటకూ తేడా తెలియదు.

అయితే ఎల్‌2బి ఇచ్చేది పత్ర వైశాల్యం కాదు, మొత్తం మొక్క వైశాల్యం. లేజర్‌కు ఆకూ కొమ్మా మానూ అన్నీ అడ్డే, వాటిని అది వేరు చేయదు. పైగా ఆకులు గుత్తులుగా కాక గాలిలో ఎక్కడబడితే అక్కడ చెదిరి ఉన్నాయని, ఆకు నుంచి తిరిగొచ్చే కాంతికీ నేల నుంచి వచ్చే కాంతికీ ఒక స్థిరమైన నిష్పత్తి ఉందని లెక్క ముందే ఊహించుకుంటుంది. ఏడాది పొడవునా పచ్చగా ఉండే అడవిలో ఈ ఊహలు పెద్ద తేడా తీసుకురాకపోవచ్చు. నల్లమలలో తీసుకువస్తాయి. మార్చిలో ఒక టేకు చెట్టు కింద ఆకాశమంతా ఒకే ఫోటోలో పట్టే ఫిష్‌ఐ లెన్స్‌ను పైకి పెట్టి, సూర్యోదయానికి ముందు ఫోటో తీశాను. రాలిన ఆకులు కాలి కింద గలగలమంటున్నాయి, ఫోటోలో తెల్లని ఆకాశం మీద నల్లని కొమ్మల వల మాత్రమే పడింది. ఆకు ఒక్కటీ లేదు, అయినా సూచిక సున్నా రాలేదు. సెప్టెంబరులో అదే చోట తీసిన ఫోటో దాదాపు పూర్తిగా నల్లగా ఉంది.

దీనికి తోడు, ఈ లేజర్ మబ్బును దాటలేదు. నల్లమల నిండుగా ఆకు తొడిగేది వానాకాలంలో, అంటే మబ్బు వదలని నెలల్లో. ఆకాశం తేటపడి షాట్లు ఎక్కువగా దొరికేది ఫిబ్రవరి నుంచి మే వరకు, చెట్లు మోడులై ఉన్నప్పుడు. మొదటి ఏడాది నేను ఈ సంగతి పట్టించుకోకుండా అన్ని నెలల షాట్లూ కలిపి సగటు తీశాను. వచ్చిన సంఖ్య ఏ కాలపు అడవిదీ కాదు. ఆరు నెలల పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. ఇప్పుడు సెప్టెంబరు చివరి నుంచి నవంబరు వరకు పడిన షాట్లను ఒక గుంపుగా, మార్చి, ఏప్రిల్ షాట్లను మరో గుంపుగా పెట్టి, మొదటి దానిలోంచి రెండవదాన్ని తీసేస్తున్నాను. ఒకే రకం చెట్లు, ఒకే రకం వాలు ఉన్న చోట్ల ఈ తేడా ఆకుకు దగ్గరగా వస్తోంది.

వాలు విషయంలోనూ జాగ్రత్త పడాలి. 25 మీటర్ల వృత్తం 20 డిగ్రీల వాలు మీద పడితే, ఆ వృత్తంలోనే నేల ఎత్తు దాదాపు 9 మీటర్లు మారుతుంది. అప్పుడు నేల నుంచి వచ్చే కాంతి, కింది పొదల నుంచి వచ్చే కాంతి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. శ్రీశైలం వైపు లోయ అంచుల్లో పడిన షాట్లను అందుకే పూర్తిగా పక్కన పెట్టాను. ఈ డేటా రెండవ వెర్షన్‌లో షాట్ స్థానం సుమారు 10 మీటర్లు అటూ ఇటూ ఉండవచ్చు కనుక, నేల మీద కొలత తీసే చోటును అడవి అంచున కాక, చుట్టూ ఒకేలా ఉన్న భాగం మధ్యలో ఎంచుకోవాలి.

డేటా తెచ్చుకోవడానికి నాసా వెబ్‌సైటు ఎర్త్‌డేటాలో ఖాతా చాలు, డబ్బు కట్టనక్కరలేదు. ఫైళ్లు ఒక్కొక్కటి వందల మెగాబైట్లు ఉంటాయి కాబట్టి మీ ప్రాంతం వరకు కత్తిరించి దించుకోండి. గూగుల్ వారి ఎర్త్ ఇంజిన్ వాడేవారికి నెలవారీ రాస్టర్లుగా (గళ్ల పటాలుగా) కూడా దొరుకుతుంది. ప్రతి షాట్‌తో వచ్చే గుర్తుల్లో క్వాలిటీ ఫ్లాగ్ 1 (కొలత బాగుంది), డిగ్రేడ్ ఫ్లాగ్ 0 (స్థానం చెడలేదు), సెన్సిటివిటీ (ఎంత దట్టమైన పందిరిలోంచి నేలను పట్టగలదో) 0.95 కంటే ఎక్కువ ఉన్నవే తీసుకోండి. పగటి షాట్ల కంటే రాత్రివి, ఒక లేజర్ కాంతిని రెండుగా చీల్చిన కవరేజ్ బీముల కంటే చీల్చని ఫుల్ పవర్ బీములు మేలు. ఇన్ని వడపోతల తర్వాత మిగిలేవి తక్కువే కాబట్టి, అడవి మొత్తానికి పటం కావాలనుకునేవారు దీన్ని ఐరోపా ఉపగ్రహాలైన సెంటినెల్-2 వంటి వాటి చిత్రాలకు జోడించక తప్పదు. ఒక బీటుకో (ఒక అటవీ గార్డు చూసుకునే భాగానికో), ఒక లోయకో పూర్తి పటం ఇదొక్కటే ఇస్తుందని అనుకోవద్దు.

2023 మార్చిలో ఈ పరికరాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టి, 2024 ఏప్రిల్‌లో మళ్లీ బిగించారు. నడుమ ఒక వానాకాలం మొత్తం ఖాళీగా ఉంది, సంవత్సరాల వారీగా పోల్చేవారు ఈ ఖాళీని గుర్తుంచుకోవాలి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా, ఇస్రోల ఉపగ్రహం నైసార్ రాడార్‌తో మబ్బును దాటి చూస్తుంది కనుక, వానాకాలపు నల్లమలకు అది తోడు కావచ్చు. పొరలు పొరలుగా పందిరి చూడాలంటే మాత్రం, అక్టోబరులో మబ్బు విడిచిన రాత్రుల్లో పడే జెడై షాట్ల కోసమే ఈ ఏడాది కూడా ఎదురు చూస్తున్నాను.