పెళ్లి వీడియోలకు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

భీమవరంలో మాది పెళ్లి వీడియోల స్టూడియో. షూటింగ్, మిక్సింగ్ (అంటే ఎడిటింగ్) రెండూ మేమే చేస్తాం. మినీ డీవీ టేపులు వాడిన రోజుల్లో ఫైళ్ల భద్రత గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. షూటింగ్ అయ్యాక క్యాసెట్ బీరువాలో పెడితే అదే ఒరిజినల్, ఎప్పుడు కావాలన్నా తీసుకోవచ్చు. మెమరీ కార్డులు వచ్చాక ఆ ధీమా పోయింది. ఇవాళ వాడిన కార్డు ఎల్లుండి ఇంకో పెళ్లికి వెళ్లాలి, వెళ్లేముందు ఫార్మాట్ కావాలి. ఆ తర్వాత ఆ పెళ్లి మొత్తం హార్డ్‌డిస్కులో తప్ప ఈ లోకంలో ఇంకెక్కడా ఉండదు.

పదేళ్లకు పైగా ఇలా డిస్కుల మీదే బతుకుతున్నవాడిగా నా తీర్పు ముందే చెప్పేస్తాను. పెద్ద ఫైళ్లు దాచడానికి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కంటే చవకైన దారి ఇప్పటికీ లేదు. అయితే ఒక్క డిస్కులోనే ఉన్న ఫైలుని మన దగ్గర భద్రంగా ఉన్నట్టు లెక్కేసుకోకూడదు. ఏ కంపెనీదైనా, ఎంత పెట్టి కొన్నా ఇది మారదు.

మా ఫైళ్ల సైజు చెబితే బాధ అర్థమవుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల 4కే రికార్డింగ్ అంటే గంటకు 45 జీబీ. ట్రెడిషనల్‌కి రెండు కెమెరాలు, క్యాండిడ్‌కి ఒకటి రెండు, పైన డ్రోన్. పెళ్లికూతుర్ని చేయడం దగ్గర్నుంచి అప్పగింతల దాకా తీస్తే, ఫోటోల రా ఫైళ్లతో కలిపి 700, 800 జీబీ సులువుగా అవుతుంది. 5 టీబీ డిస్క్ కొంటే కంప్యూటర్‌లో 4.54 అనే కనిపిస్తుంది. అందులో లోపమేమీ లేదు, కంపెనీ వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది, అంతే. మాఘమాసం ముహూర్తాలు జోరుగా ఉన్నప్పుడు అలాంటి డిస్క్ ఒకటి రెండు వారాల్లో నిండిపోతుంది.

కొత్తవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఏ కంపెనీది తీసుకోమంటారు అన్నా?" అని. డబ్బా మీద ఎన్ని పేర్లున్నా లోపల తిరిగే డిస్కుని తయారు చేసేవి ఇప్పుడు మూడే: సీగేట్, వెస్ట్రన్ డిజిటల్, తోషిబా. శామ్‌సంగ్ హార్డ్‌డిస్కుల వ్యాపారం 2011లో సీగేట్‌కి వెళ్లింది, హిటాచీది 2012లో వెస్ట్రన్ డిజిటల్‌కి వెళ్లింది. మూడూ మా దగ్గర ఉన్నాయి. మూడింటిలోనూ నిక్షేపంలా పనిచేస్తున్నవి ఉన్నాయి, పోయినవీ ఉన్నాయి. కంపెనీ పేరు కంటే డిస్క్ రకం చూసుకోవడమే ముఖ్యమని నాకు అనుభవం మీద తెలిసింది.

అరచేతిలో పట్టే 2.5 అంగుళాల డిస్కుకి కరెంటు యూఎస్‌బీ కేబుల్ నుంచే అందుతుంది. బల్ల మీద పెట్టుకునే 3.5 అంగుళాల దానికి వేరే అడాప్టర్ ఉంటుంది. అందరూ చిన్నదే కొంటారు, బ్యాగులో పడుతుందని. మండపానికి తీసుకెళ్లడానికి అది సరే. స్టూడియోలో ఏళ్ల తరబడి దాచడానికి మాత్రం నా ఓటు పెద్దదానికే. బల్ల మీదనుంచి కదలదు, కాబట్టి కింద పడదు, కేబుల్ వదులవదు. కెపాసిటీ కూడా ఎక్కువ. చిన్నవి చాలా కాలం 5 టీబీ దగ్గరే ఆగిపోయాయి, 2024లో గానీ 6 టీబీ రాలేదు. పెద్ద డిస్కుతో ఒక్క జాగ్రత్త ఉంది. వాటి అడాప్టర్లు సాధారణంగా 12 వోల్టులవి. పిన్ను సరిపోయిందని 19 వోల్టుల లాప్‌టాప్ చార్జర్ గుచ్చితే లోపలి బోర్డు కాలిపోవచ్చు. మా స్టూడియోలో ప్రతి అడాప్టర్ మీదా అది ఏ డిస్కుదో రాసిన స్టిక్కర్ ఉంటుంది.

చిన్న డిస్కులతో అందరినీ విసిగించే విషయం ఇంకోటి ఉంది, దాని కారణం డబ్బా మీద ఎక్కడా రాయరు. కొత్తలో సెకనుకు 120, 130 ఎంబీ చొప్పున హాయిగా కాపీ అవుతుంది. ఏడాది తర్వాత అదే డిస్కులో పాతవి డిలీట్ చేసి కొత్త పెళ్లి ఎక్కిస్తే కొంతసేపు బాగానే నడిచి, ఒక్కసారిగా 20, 30కి పడిపోతుంది. డిస్క్ పాడైందని చాలామంది భయపడతారు. నిజానికి ఎక్కువ కెపాసిటీ చిన్న డిస్కులు చాలావరకు ఎస్ఎంఆర్ రకం. ఇందులో డేటా గీతలు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. అలా అయితేనే లోపల తిరిగే అంత చిన్న పళ్లెంలో అంత డేటా పడుతుంది. కానీ మధ్యలో ఒక్క గీత మార్చాలంటే పక్కనున్నవి కూడా తీసి మళ్లీ రాయాలి. ఖాళీ డిస్కులో వరుసగా రాసుకుంటూ పోతే ఇబ్బంది తక్కువ. చెరిపి రాయడం మొదలయ్యాకే అసలు నత్తనడక. అందుకే చిన్న డిస్కుని మేము ఒక్కసారే నింపుతాం. నిండాక పెళ్లిళ్ల పేర్లు, తేదీలు రాసి పక్కన పెట్టేస్తాం. మిక్సింగ్ చేస్తూ రోజూ రాసే, చెరిపే పనికి దాన్ని వాడం. ఆ పనికి ఎస్ఎస్‌డీ ఉంది, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచే డిస్క్.

ఇక పోయిన డిస్కుల సంగతి. మా దగ్గర ఇబ్బంది పెట్టినవాటిలో ఎక్కువ వాటికి లోపలి పళ్లెం, దాని మీద రాసి చదివే హెడ్ బాగానే ఉన్నాయి. పోయింది సాకెట్టో, కేబులో, కరెంటో. ఆ వెడల్పాటి మైక్రో బీ పిన్ను ఉంది చూశారూ, మాటిమాటికీ పెట్టి తీస్తుంటే వదులైపోతుంది. కాపీ మధ్యలో డిస్క్ మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంది. మొదట కేబుల్ మార్చి చూడండి, చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. సాకెట్టే విరిగితే కష్టం. వెస్ట్రన్ డిజిటల్ మై పాస్‌పోర్ట్ లాంటివాటిలో యూఎస్‌బీ సాకెట్ నేరుగా డిస్క్ బోర్డు మీదే ఉంటుంది, లోపలి డిస్కుని ఊడదీసి ఇంకో డబ్బాలో పెట్టి చదివే వీలుండదు. విడిగా సాటా డిస్కుని (కంప్యూటర్ లోపల బిగించే మామూలు రకం) పెట్టిన డబ్బాల్లో ఆ వెసులుబాటు ఉంటుంది. కొనేముందు ఈ సంగతి కనుక్కోవడం మంచిది.

డెస్క్‌టాప్ ముందువైపు పోర్టులు, చవక యూఎస్‌బీ హబ్బులు కొన్నిసార్లు సరిపడా కరెంటు ఇవ్వవు. డిస్క్ తిరగబోయి ఆగి, టిక్కుమని మళ్లీ తిరగబోతుంది. వెనక పోర్టుకి మారిస్తే మామూలైపోతుంది. ఫైల్ సిస్టమ్, అంటే ఫార్మాట్ చేసేటప్పుడు ఎంచుకునే పద్ధతి, కూడా చూసుకోవాలి. ఎక్స్‌ఫ్యాట్ పెడితే మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ రాస్తుంది, సౌకర్యమే. కాకపోతే దానికి జర్నల్, అంటే చేయబోయే మార్పుల్ని ముందే రాసిపెట్టుకునే చిట్టా, లేదు. కాపీ మధ్యలో కరెంటు పోయిందంటే ఫోల్డర్లే కనిపించకుండా పోయే ప్రమాదం ఎక్కువ. దాచే డిస్కులన్నిటికీ మేము ఎన్‌టీఎఫ్ఎస్ పెడతాం. కంప్యూటర్ యూపీఎస్ మీద లేకపోతే కాపీ మొదలుపెట్టం.

నిజంగా లోపల దెబ్బతిన్నవి కూడా ఉన్నాయి. ఒక కళ్యాణమండపంలో లాప్‌టాప్‌లోకి కార్డులు దించుతుంటే, పరుగెత్తుతున్న పిల్లాడి కాలికి వైరు తగిలి డిస్క్ బల్ల మీదనుంచి పడింది. పళ్లెం తిరుగుతుండగా పడటం, ఆపి ఉంచినప్పుడు పడటం ఒకటి కాదు. తిరిగేటప్పుడు హెడ్డుకీ పళ్లేనికీ మధ్య సందు వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు. ఆ డిస్క్ మళ్లీ లేవలేదు. ఇంకొకటి ఏ దెబ్బా తగలకుండా, వారంటీ ఉండగానే, ఒక ఉదయం టిక్ టిక్‌మంటూ ఊరుకుంది. వారంటీ కింద ఇంకో డిస్క్ వచ్చింది, ఖాళీది. వారంటీ డిస్కుకే గానీ డేటాకి కాదని ప్రతి స్టూడియో కుర్రాడూ చేరిన మొదటిరోజే తెలుసుకోవాలి. ఆ రెండుసార్లూ రెండో కాపీ ఉండబట్టి పెళ్లివారికి ఫోన్ చేసి తలదించుకునే పరిస్థితి రాలేదు.

టిక్ టిక్ శబ్దం వస్తే వెంటనే తీసేయండి. మళ్లీ మళ్లీ పెట్టి చూడటం, ఫ్రిజ్‌లో పెట్టడం, ఊడదీసి హెడ్ కదపడం లాంటివన్నీ ఉన్న కాస్త ఆశనూ తీసేస్తాయి. విప్పాల్సింది దుమ్ము లేని గదిలో, అది తెలిసినవాళ్లే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి డిస్కులు పట్టుకెళ్లిన స్నేహితులున్నారు. రికవరీకి చెప్పే ధరకి కొత్త డిస్కులు చాలా వస్తాయి, అయినా మొత్తం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు.

డిస్క్ పోయేముందు చెబుతుందా అంటే, కొన్నే చెబుతాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో 05, సీ5, సీ6 వరుసల్లో (డిస్క్ మీద చెడిన, చదవలేకపోతున్న చోట్ల లెక్క అది) సున్నా కాకుండా అంకె కనిపించిందంటే, ఆ రోజే అందులోవి ఇంకో డిస్కులోకి దించేస్తాం. గూగుల్ ఇంజనీర్లు తమ లక్షకు పైగా డిస్కుల మీద 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి స్కాన్ ఎర్రర్ (డిస్క్ తన పళ్లేన్ని తానే పరీక్షించుకున్నప్పుడు దొరికే లోపం) కనిపించిన డిస్క్ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం మిగతావాటికంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే అధ్యయనంలో, పోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన హెచ్చరికలు ఒక్కటీ చూపకుండానే పోయాయి. కాబట్టి ఎర్రర్ ఉంటే నమ్మండి, లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి.

బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా క్లౌడ్ బ్యాకప్ కంపెనీ తన డిస్కుల లెక్కలు 2013 నుంచి బయటపెడుతోంది. ఈమధ్య సంవత్సరాల్లో ఏడాదికి వందకు ఒకటిన్నర చొప్పున పోతున్నాయి. చాలామంది దీన్ని చూపించి ఫలానా కంపెనీ గట్టిదని వాదిస్తారు. అవి ఏసీ గదిలో, ర్యాకులో కదలకుండా తిరిగే పెద్ద డిస్కులు. బైకు మీద బ్యాగులో భీమవరం నుంచి పాలకొల్లు వెళ్లొచ్చే చిన్న డిస్కుకి ఆ లెక్క వర్తించదు.

ఎండ గురించి కూడా చెప్పాలి. చాలా పోర్టబుల్ డిస్కుల వివరాల్లో, వాడేటప్పుడు చుట్టూ వేడి 35 డిగ్రీలు మించకూడదని ఉంటుంది. మే నెలలో మా ఊళ్లో ఫ్యాను కింద కూడా అంతకంటే ఎక్కువే. వేసవిలో రాత్రిపూట, ఏసీ గదిలో, డిస్కుల మధ్య చెయ్యి పట్టేంత జాగా వదిలి కాపీలు పెడతాం. పార్క్ చేసిన కారులో డిస్క్ వదిలి భోజనానికి వెళ్లే అసిస్టెంట్లని నేను గట్టిగానే కేకలేస్తాను. దాచేటప్పుడు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేస్తాం, గోదావరి జిల్లాల చెమ్మ లెన్సులకే కాదు, సాకెట్లకీ మంచిది కాదు.

ఎస్ఎస్‌డీలోనే దాచేయొచ్చు కదా అని అడుగుతారు. కిందపడినా తట్టుకుంటుంది, వేగం ఎక్కువ, షూటింగ్‌కి ప్రాణం. కానీ టీబీకి ధర చాలా ఎక్కువ. పైగా కరెంటు లేకుండా ఏళ్లపాటు బీరువాలో పెట్టడానికి చేసిన వస్తువు కాదది. మామూలు ఎస్ఎస్‌డీలకున్న ప్రమాణం ప్రకారం, రాతల ఆయుష్షు (ఎంత డేటా రాయొచ్చన్న హద్దు) పూర్తిగా అయిపోయినది కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటా నిలిపితే చాలు. కొత్తవి అంతకంటే చాలా ఎక్కువే నిలుపుతాయి, అయినా మా ఎండలకి నేను ఆ పందెం కాయను. క్లౌడ్ అంటారా, 100 ఎంబీపీఎస్ లైను పూర్తి వేగంతో నడిచినా 800 జీబీ ఎక్కడానికి దాదాపు 18 గంటలు పడుతుంది. మిక్సింగ్ అయిన ఫైనల్ వీడియో, టీజర్, ఆల్బమ్ ఫైళ్లు మాత్రమే క్లౌడ్‌లో పెడతాం.

ఇప్పుడు మా పద్ధతి ఇది. కార్డులు దించగానే రెండు డిస్కుల్లోకి కాపీ, అదీ టెరాకాపీ అనే ప్రోగ్రామ్‌తో, వెరిఫై ఆన్ చేసి. ఫైలు సైజు సరిపోయినంత మాత్రాన సరిగ్గా కాపీ అయినట్టు కాదు. లోపల ఒక్క బిట్ మారినా వెరిఫైలో దొరుకుతుంది, అది ఆకుపచ్చ చూపేదాకా కార్డు ఫార్మాట్ చేయనివ్వను. రెండు డిస్కులూ ఒకే రోజు కొన్న ఒకే మోడల్ కాకుండా చూస్తాం, తయారీలో లోపముంటే రెండూ ఒకేసారి పోతాయి కాబట్టి. ఒకటి స్టూడియోలో, రెండోది మా ఇంట్లో. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం, అంటే మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట, రాషెస్ (ఎడిట్ చేయని అసలు ఫుటేజీ) విషయంలో పూర్తిగా పాటించడం మా బడ్జెట్‌కి సాధ్యం కాలేదు. ఫైనల్ వీడియోకి మాత్రం పాటిస్తున్నాం.

ఇంత తాపత్రయం ఎందుకంటే, పెళ్లి అయిపోయిన ఆరేడేళ్లకి ఫోన్లు వస్తాయి. "బాబూ, మా నాన్నగారు అక్షింతలు వేస్తూ అమ్మాయితో ఏదో అన్నారు, ఆ బిట్ మీ దగ్గరుందా?" అని. ఆయన అప్పటికి ఉండరు. ఎడిటింగ్‌లో తీసేసిన ఆ అరనిమిషం రాషెస్‌లో దొరికితే ఆ ఇంట్లో వాళ్లకి అంతకంటే విలువైనది ఉండదు. ఐదేళ్లు దాస్తామని బిల్లు మీద రాసిస్తాం, ఆ తర్వాత కూడా చెరపబుద్ధి కాదు.

కొత్తగా కొనేవాళ్లు ఆన్‌లైన్‌లో రెండు వేలకు 16 టీబీ అని కనిపించేవాటి జోలికి వెళ్లొద్దు. లోపల ఉండేది చిన్న మెమరీ కార్డు, సైజు మాత్రం దొంగలెక్క చూపిస్తుంది, అది నిండాక రాసినవన్నీ గాలికే. ఎక్కడ కొన్నా మొదట హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తం ఒకసారి రాయించి చదివించండి. పెద్ద డిస్కుకి రోజు దాటుతుంది, పట్టనివ్వండి. పుట్టుకతో లోపమున్న డిస్క్ ఆ పరీక్షలోనే బయటపడితే షాపువాడు మార్చిస్తాడు.

ఆషాఢంలో ముహూర్తాలుండవు కనుక బీరువాలోని డిస్కులన్నిటినీ ఆ నెలలోనే బయటికి తీస్తాం. ఒక్కోదాన్ని కంప్యూటర్‌కి పెట్టి మొదటినుంచి చివరిదాకా చదివిస్తాం, హెల్త్ చూసి తేదీతో పుస్తకంలో రాస్తాం. ఐదేళ్లు దాటినవి బాగానే పనిచేస్తున్నా వాటిలోని పెళ్లిళ్లని కొత్త పెద్ద డిస్కులోకి మారుస్తాం, పాతది మూడో కాపీగా పైఅరలోకి వెళ్తుంది. ఈ ఏడాది అలా మార్చాల్సినవాటిలో ఒక 3.5 అంగుళాల డిస్క్ ఉంది. మేము కొన్న తొలి పెద్ద డిస్కుల్లో అదొకటి, ఇప్పటికీ 05, సీ5, సీ6 మూడూ సున్నాలే.