పాత ఎంటర్‌ప్రైజ్ పడవ, మూడు వానాకాలాల తర్వాత

ఎంటర్‌ప్రైజ్ అంటే ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవ. దాని తెరచాపకు నేను వంక పెట్టను. నల్లగొండలో షామియానాలు కుట్టే ఆయన చిరిగిన నీలం గుడ్డకి పాలిస్టర్ దారంతో జిగ్‌జాగ్ కుట్టు వేసి మూడు వందలు తీసుకున్నాడు, ఇప్పటికీ ఒక్క పోగు ఊడలేదు. నా గొడవంతా రెజిన్‌తో, అంటే ఫైబర్ అతుకు వేసే, ఆరితే గట్టిపడే జిగురుతో.

హైదరాబాద్‌లో ఒక క్లబ్బు షెడ్డు వెనక బోర్లా పడున్న దీన్ని 12,000కి కొని, బొలేరో పికప్‌లో సగం బయటికి వేలాడుతుంటే చివర ఎర్రగుడ్డ కట్టి మా బావమరిది వెల్డింగ్ షాపుకి తెచ్చా. ఫైబర్ మ్యాట్ (గాజు పోగుల గుడ్డ), రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ అన్నీ కలిపి 2,600. మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ "రాయిలా ఉంది, కొత్త పడవ ఎందుకు" అని చెప్పుకున్నా. ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి.

నేను పని పెట్టుకున్నది మే నెలలో. రెజిన్‌లో హార్డెనర్ వందకి ఒకటి రెండు పాళ్లు చాలు, ఆ ఎండకి ఒకటే చాలు. నేనేమో త్వరగా ఆరాలని రెండు పోసి, అర లీటరు ఒకేసారి ప్లాస్టిక్ మగ్గులో కలిపా. నాలుగు నిమిషాల్లో జున్నులా అయి, మగ్గు కాలిపోయి, పొగ. పారేయడానికి మనసు రాక, అడుగున ఇంకా మెత్తగా ఉన్నది గీకి, బోల్తా పడ్డా పడవని తేల్చే మూసిన గాలి ట్యాంకు పగులు మీద పూసేశా. అది కూడా పాత రంగు మీదే, కింద ఫైబర్ కనిపించేదాకా రుద్దకుండా.

రెండో జూలైలో హుస్సేన్‌సాగర్ మీద పడమటి గాలి గట్టిగా లేచిన రోజు బోల్తా పడ్డాం. అదేం వింత కాదు, పడవ అడుగున దిగే పలక, సెంటర్‌బోర్డు మీద నిలబడి లేపాం. కానీ లేచాక కూడా ఎడమ పక్కకి ఒరిగే ఉంది, ఎంత తోడినా తేలిక పడదు. టెన్షన్‌తో నా పార్ట్‌నర్ అరుపులు, నాకేమో మగ్గు గుర్తొస్తోంది. రెస్క్యూ బోటు లాక్కొచ్చాక ట్యాంకు బిరడా తీస్తే రెండు బకెట్ల నీళ్లు.

చేపలు పట్టే గుండ్రటి ఫైబర్ పుట్టీలకు మరమ్మతు చేసే పెద్దాయన చూసి నవ్వాడు. "రంగు మీద మ్యాట్ నిలవదు సారూ, గీకాలె." బిరడా కంతలోంచి సైకిల్ పంపుతో కొంచెం గాలి కొట్టి, సర్ఫ్ నీళ్లు బ్రష్‌తో పూయించాడు. నా అతుకు అంచు పొడుగునా బుడగలు, పైగా కాళ్లు ఇరికించే పట్టీ స్క్రూ దగ్గర కూడా. ఆ స్క్రూ మాట నాకు తట్టనే లేదు.

డిసెంబర్ పొద్దున్నే, చుట్టూ రెండంగుళాలు రుద్ది, వంద మిల్లీ లీటర్ల చొప్పున కలుపుతూ మళ్లీ వేశా. ఈ వానాకాలం నిలిచింది. మొత్తం ఇరవై ఆరు వేలు దాటలేదు గానీ, నాకు షాపు నీడ, అరువు గ్రైండర్, ఆదివారాలు ఉన్నాయి. అద్దె ఇంట్లో ఉండి, కూలి ఇచ్చి చేయించాలంటే ఇంకాస్త డబ్బు పోసి బాగున్నదే కొనుక్కోండి.

రెజిన్ మీద కోపం పోలేదు. ప్రతిసారీ ఒడ్డుకి రాగానే ముందు బిరడా తీసి చూస్తా. పోయిన ఆదివారం అర గ్లాసు వచ్చింది, ఎక్కడి నుంచో దొరకలేదు.