ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాలు: విశ్రాంతి, నడక, శ్వాస సాధనలలో ఏది మేలు?

ఆపరేషన్ తేదీ ఖరారైన నాటి నుంచి చాలా ఇళ్లలో పెద్దవారిని మంచం దిగనివ్వరు. ఒంట్లో ఉన్న ఓపికను ఆ రోజుకు దాచుకోవాలన్నది వారి ఆలోచన. అందులో ప్రేమే తప్ప మరొకటి లేదు. కానీ ఓపిక గాదెలో పోసుకున్న ధాన్యంలా నిలవ ఉండదు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచానికే పరిమితం చేసి చూసిన ఒక అమెరికా అధ్యయనం 2007లో వెలువడింది. ఆ పది రోజుల్లోనే వారి కాళ్లలో దాదాపు ఒక కిలో కండ తరిగిపోయింది. జబ్బేమీ లేనివారి పరిస్థితే ఇదైతే, ఆపరేషన్‌కు ముందు మూడు వారాలు పడుకొని, ఆ తరువాత మరో రెండు వారాలు తప్పనిసరిగా పడుకోవలసి వచ్చే డెబ్బై ఏళ్ల మనిషి మళ్లీ లేచి నడవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అందుకే, వైద్యులు ప్రత్యేకంగా చెప్పిన సందర్భాల్లో తప్ప, విశ్రాంతిని నేను ఈ పోలికలో అన్నిటికన్నా చివరన ఉంచుతాను.

నడకకు ఖర్చు లేదు, పరికరం అక్కరలేదు. అయితే సాయంత్రం వీధి చివరిదాకా తాపీగా వెళ్లిరావడం వల్ల గుండెకు, ఊపిరితిత్తులకు కొత్తగా చేకూరే బలం తక్కువ. పక్కవారితో మాట్లాడగలిగేంత, కానీ పాట పాడలేనంత ఆయాసం వచ్చే వేగంతో, వారంలో ఎక్కువ రోజులు అరగంట చొప్పున నడిస్తేనే ప్రయోజనం కనిపిస్తుంది. మోకాళ్లు అరిగి ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారికి ఆ వేగం సాధ్యం కాదు. అలాంటివారికి కుర్చీలో నుంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, తొడ ముందు కండరాన్ని బిగించి వదలడం నయం. మోకీలు మార్పిడి విషయంలో ఒక మాట దాచకుండా చెప్పాలి: ముందుగా చేసిన వ్యాయామం వల్ల తొలి వారాల్లో కోలుకోవడం కొంత సులువవుతుంది గాని, నెలలు గడిచేకొద్దీ చేసినవారికీ చేయనివారికీ మధ్య తేడా బాగా తగ్గిపోతుంది.

పొట్ట పైభాగంలోనో ఛాతీలోనో కోత పడేవారికి లెక్క వేరు. మత్తులో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముడుచుకుంటాయి. మెలకువ వచ్చాక కుట్ల నొప్పికి భయపడి మనిషి గట్టిగా దగ్గడు, కఫం లోపలే నిలిచి న్యుమోనియాకు దారి తీస్తుంది. నెదర్లాండ్స్‌లో బైపాస్‌కు ఎదురుచూస్తున్న, ఊపిరితిత్తుల ముప్పు ఎక్కువగా ఉన్న రోగులతో కనీసం రెండు వారాల పాటు రోజుకు ఇరవై నిమిషాలు ఊపిరి పీల్చే కండరాలకు సాధన చేయించారు. 2006లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, సాధన చేయనివారిలో 16 శాతం మందికి న్యుమోనియా రాగా, చేసినవారిలో అది 6.5 శాతమే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగి 2018లో ప్రచురితమైన అధ్యయనం నన్ను ఇంకా ఎక్కువగా కదిలించింది. అక్కడ పొట్ట ఆపరేషన్‌కు ముందు ఫిజియోథెరపిస్టు ఒకే ఒక్కసారి, అరగంట కూర్చొని, మెలకువ రాగానే గంట గంటకూ లోతుగా ఎలా ఊపిరి తీసుకోవాలో, ఎలా దగ్గాలో నేర్పారు. ఊపిరితిత్తుల సమస్యలు 27 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. మన ఆసుపత్రుల్లో, ఊపిరి లోపలికి పీల్చి బంతులను పైకి లేపే మూడు బంతుల పరికరాన్ని తరచుగా ఆపరేషన్ అయిన మర్నాడు చేతికిస్తారు. నొప్పితో మూలుగుతున్న మనిషి అప్పుడు కొత్తగా ఏం నేర్చుకోగలడు?

వీటన్నిటినీ కలిపి చేయించడం నాలుగో మార్గం. పలు దేశాల్లో పెద్దపేగు క్యాన్సర్ రోగులకు నాలుగు వారాల పాటు పర్యవేక్షణలో వ్యాయామం, మాంసకృత్తులు పెంచిన ఆహారం, మనోధైర్యం, పొగతాగడం మాన్పించడం కలిపి అందించగా, తీవ్రమైన సమస్యలు సుమారు 30 శాతం నుంచి 17 శాతానికి తగ్గినట్టు 2023లో ప్రకటించారు. ఫలితంలో మిన్న ఇదే. కానీ వారానికి మూడుసార్లు ఆసుపత్రికి రావడం మారుమూల మండలంలోని రైతుకు కుదిరే పని కాదు. అతనికి వ్యాయామం ఒకసారి నేర్పించి, ఇంట్లో చేయించి, ఫోనులో కనుక్కోవడం మంచిది. తిండి విషయం ఇంట్లోనే సరిదిద్దుకోవచ్చు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు, అంటే 60 కిలోల మనిషికి కనీసం 72 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. పప్పు తింటే కుట్లకు చీము పడుతుందన్న నమ్మకంతో చారు అన్నం మీదే రోగిని ఉంచే ఇళ్లను చూస్తే బాధ కలుగుతుంది. గాయం మానడానికి కావలసిన సరుకే పప్పు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం పరిమాణాన్ని వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి.

కాబట్టి వారం రోజులే మిగిలి ఉంటే శ్వాస సాధననే ఎంచుకుంటాను. నాలుగు వారాలుంటే కాళ్ల బలాన్ని, తిండిని దానికి జోడిస్తాను. బాగా బలహీనపడిన వృద్ధులకైతే దూరాలు నడిపించడం కన్నా కుర్చీ వ్యాయామం ముందు మొదలుపెట్టిస్తాను. నడిస్తే ఛాతీ నొప్పి వచ్చేవారు, గుండె కవాటం బాగా సన్నబడినవారు గుండె వైద్యుని అనుమతి లేకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. ఈ సాధన కోసమని క్యాన్సర్ ఆపరేషన్‌ను సొంతంగా వాయిదా వేసుకోనూ కూడదు. ఎలాగూ వేచి ఉండవలసిన రోజులనే వాడుకోవాలి. మత్తు డాక్టర్ పరీక్షకు వెళ్లిన రోజే, ఫిజియోథెరపిస్టును ఒకసారి కలిపించమని నోరు తెరిచి అడగండి.