ఒకే పైకప్పా, ఉమ్మడి బల్లా? ఉత్తర ఐర్లండ్, స్కాట్లండ్ ఆరోగ్య శాఖల్లో ఏది మేలు?

మన ఊళ్లో చంటిబిడ్డ బరువు అంగన్‌వాడీ టీచరూ చూస్తుంది, ఆశా కార్యకర్తా చూస్తుంది. ఒకరిది స్త్రీ శిశు సంక్షేమ శాఖ, ఇంకొకరిది వైద్య ఆరోగ్య శాఖ. బిడ్డ ఒకటే, రిజిస్టర్లు రెండు. వైద్యం, సంరక్షణ ఒకే చోట ఉంటే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఆ కోరిక తీరితే ఏమవుతుందో ఉత్తర ఐర్లండ్ యాభై ఏళ్లుగా చూపిస్తోంది. పక్కనే స్కాట్లండ్ వేరే దారి పట్టింది.

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఒక ముసలామెను తీసుకుందాం. ఇంటికి వెళ్లొచ్చని డాక్టర్ చెప్పేశారు. ఇంట్లో ఆమె ఒక్కతే. పొద్దున లేపి స్నానం చేయించడానికి, రెండు పూటలా ఇంత తినిపించడానికి, రాత్రి పడుకోబెట్టడానికి మనిషి రావాలి. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ బిగించాలి. అవన్నీ కుదిరేదాకా ఆమె మంచం ఖాళీ కాదు. కింద ఎమర్జెన్సీలో ఇంకెవరో స్ట్రెచర్ మీదే ఎదురుచూస్తుంటారు.

ఉత్తర ఐర్లండ్‌లో వార్డు నర్సుకూ, ఆ ఏర్పాట్లు చూసే సోషల్ వర్కర్‌కూ జీతమిచ్చేది ఒకే ట్రస్టు, అంటే ఒకే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ. 1973లో అక్కడ ఆరోగ్యాన్నీ సామాజిక సేవల్నీ కలిపేశారు. మన మున్సిపాలిటీల్లాంటి స్థానిక కౌన్సిళ్లు ఇళ్ల కేటాయింపులో క్యాథలిక్కుల పట్ల వివక్ష చూపుతున్నాయని పెద్ద ఆందోళనలు జరిగాక, కౌన్సిళ్ల అధికారాలు చాలావరకు తీసేశారు. ఆ మార్పుల్లో భాగంగా సంక్షేమం కూడా నాలుగు ఆరోగ్య బోర్డుల చేతికి వచ్చింది. ఇప్పుడు ఐదు ట్రస్టులు ఆ పని చేస్తున్నాయి, పైన ఒకే ఆరోగ్య శాఖ ఉంది.

స్కాట్లండ్‌లో ఆసుపత్రి ఆరోగ్య బోర్డుది, సోషల్ వర్కర్ కౌన్సిల్ ఉద్యోగి. 14 ప్రాంతీయ బోర్డులు, 32 కౌన్సిళ్లు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉమ్మడిగా డబ్బు ఖర్చు చేయాలని 2014లో చట్టం చేశారు. సంరక్షణ మొత్తాన్నీ జాతీయ సేవగా మార్చాలని తర్వాత ప్రయత్నించి, 2025 జనవరిలో ఆ ఆలోచన వదులుకున్నారు. కౌన్సిళ్లు తమ మనుషుల్నీ అధికారాన్నీ వదులుకోవడానికి ఇష్టపడలేదు.

ఇంతవరకే చూస్తే ఒకే కప్పు కింద ఉన్నదే మేలు. మరి బ్రిటన్ మొత్తంలో వైద్యం కోసం అతి ఎక్కువ కాలం ఎదురుచూడాల్సి వస్తున్నది ఉత్తర ఐర్లండ్‌లోనే ఎందుకు? 19 లక్షల జనాభాలో, 2024 నాటికి స్పెషలిస్టును మొదటిసారి కలవడానికే 4 లక్షలకు పైగా పేర్లు క్యూలో ఉన్నాయి. ముసలామెలు అక్కడా వార్డుల్లో ఆగిపోతున్నారు. ఒకే జేబు అయినప్పుడు ఎమర్జెన్సీ ముందు లాక్కుంటుంది, ఇంటి సంరక్షణకు మిగిలింది పెడతారు అని నా అనుమానం.

అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. 2016లో ప్రొఫెసర్ రఫాయెల్ బెంగోవా ఉత్తర ఐర్లండ్ ఆరోగ్య సేవలపై నివేదిక ఇచ్చారు. ఆయన స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతానికి ఆరోగ్య మంత్రిగా చేసిన మనిషి. ప్రతి ఆసుపత్రిలోనూ అన్నీ చేయాలని పట్టుబట్టకండి, సేవలు సర్దండి అని చెప్పారు. కొన్ని నెలలకే, 2017 జనవరిలో బెల్‌ఫాస్ట్‌లోని ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం పడిపోయింది. మూడేళ్లు మంత్రి లేడు. ఒక ఊరి ఆసుపత్రి నుంచి సర్జరీ తీసి ఇంకో ఊరికి మార్చే నిర్ణయం గుమస్తా సంతకంతో అయ్యేది కాదు. 2019 డిసెంబర్ 18న నర్సుల సంఘమైన రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ సభ్యులు 103 ఏళ్ల చరిత్రలో మొదటిసారి సమ్మెకు దిగారు, అదీ ఉత్తర ఐర్లండ్‌లోనే. మిగతా బ్రిటన్‌తో సమానంగా జీతం కావాలన్నారు, తగినంతమంది నర్సులు కావాలన్నారు. 2020లో మంత్రి వచ్చాకే అది తేలింది. 2022లో శాసనసభ మళ్లీ ఆగి, 2024 ఫిబ్రవరి దాకా కదల్లేదు.

స్కాట్లండ్‌లో సొంత పార్లమెంటు వచ్చిన 1999 నుంచి మంత్రి కుర్చీ అలా ఏళ్ల తరబడి ఖాళీగా లేదు. 2002లో 65 ఏళ్లు దాటినవాళ్లకు వ్యక్తిగత సంరక్షణ ఉచితం చేశారు. 2006 మార్చిలో నాలుగు గోడల మధ్య ఉండే బహిరంగ స్థలాల్లో పొగతాగడాన్ని బ్రిటన్‌లో అందరికంటే ముందు నిషేధించారు. పొగతాగేవాళ్లు ఎక్కువగా ఉండే గ్లాస్గో నగరం లాంటి చోట అది చిన్న విషయం కాదు.

డిశ్చార్జి రోజున ఆ ముసలామె పక్కన నిలబడాల్సి వస్తే నేను ఉత్తర ఐర్లండ్ పద్ధతినే కోరుకుంటాను, అడగడానికి ఒకే ఆఫీసు ఉంటుంది కాబట్టి. ఆ ఆపరేషన్ దొరకడమే ప్రశ్న అయినప్పుడు మాత్రం, బల్ల దగ్గర ఎంత వాదులాడుకున్నా సంతకం పెట్టే మంత్రి ఉన్న స్కాట్లండ్‌కే నా ఓటు.