జెలటిన్ డబ్బాకు ఇచ్చిన ఒక్క స్టార్ వెనక్కి తీసుకుంటున్నా

పోయిన వారం ఈ జెలటిన్ పౌడర్‌కు ఒక్క స్టార్ ఇచ్చి 'నకిలీ మాల్, కొనకండి' అని రాసింది నేనే. అది తీసేసి మళ్లీ రాస్తున్నా.

హన్మకొండ చౌరస్తా దగ్గర బేకరీ సామాన్లు అమ్మే షాపులో 100 గ్రాముల డబ్బా 180 రూపాయలకు కొన్నాను. పాప పుట్టినరోజుకు మూడు గాజు గిన్నెల్లో జెల్లీ పెట్టాను. రెండింట్లో బండి మీద కోయించి తెచ్చిన పైనాపిల్ ముక్కలు వేశాను. అవి సరిపోక మూడోదాంట్లో నల్ల ద్రాక్ష. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున తీస్తే ద్రాక్ష గిన్నె వంచినా కదల్లేదు. పైనాపిల్ గిన్నెలు రెండూ షర్బత్! మా ఆయన ఫ్రిజ్‌ను తిట్టాడు, నేను డబ్బాను తిట్టాను. మూడింట్లో పోసింది ఒకే జెలటిన్ నీళ్లు కదా అన్న ఆలోచనే రాలేదు. సాయంత్రానికి పదిమంది పోరగాళ్లు వస్తారన్న టెన్షన్‌లో ఏం తోస్తుంది?

గుట్టు విప్పింది మా అత్తమ్మ. ఆదివారం మటన్‌కు పచ్చి బొప్పాయి తురుము పట్టిస్తూ, "నీ జెల్లీ పొడి బొక్కలతోటి చేస్తరంటివి గద. ఇది ముదురు మటన్‌నే మెత్తగ చేస్తది, దాన్ని ఇడుస్తదా? పైనాపిల్ గూడ గంతే, తింటే నాలుక సుర్రుమంటది" అంది.

ఇంటర్‌లో బైపీసీ చదివినదాన్ని, నాకు తట్టాల్సింది. జెలటిన్ అంటే పశువుల తోలు, ఎముకల్లోని కొల్లాజెన్ నుంచి తీసే ప్రొటీన్. చల్లబడేకొద్దీ దాని పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని నీళ్లను పట్టి ఉంచుతాయి. పచ్చి, అంటే ఉడికించని పైనాపిల్‌లో ఉండే బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఆ పోగులను తుంపేస్తుంది. బొప్పాయిలో పపైన్, కివీలో యాక్టినిడిన్ చేసేదీ అదే. అల్లం, పచ్చి అంజీర కూడా ఈ బాపతే.

బుధవారం పైనాపిల్ ముక్కలను చక్కెర నీళ్లలో ఐదారు నిమిషాలు మసలబెట్టి, చల్లార్చి వేశాను. వేడికి ఎంజైమ్ పని ఆగిపోతుంది. జెల్లీ కత్తితో కోసేంత గట్టిగా వచ్చింది. డబ్బాలో వచ్చే పైనాపిల్ అయితే ముందే వేడి చేసి ఉంటుంది కాబట్టి నేరుగా వేసుకోవచ్చు. పచ్చి ముక్కలో ఉండే ఆ పుల్లటి జిల్లు మాత్రం ఉడికితే పోతుంది, ఏం చేస్తాం.

ఇక పౌడర్ సంగతి. చల్లటి నీళ్లలో ఐదు నిమిషాలకు నానిన సగ్గుబియ్యంలా ఉబ్బింది, వేడినీళ్ల గిన్నెలో పెడితే ఉండలు లేకుండా కరిగింది. 10 గ్రాములకు అరలీటరు చక్కగా గట్టిపడింది. కరిగేటప్పుడు పాయా వాసన కొంచెం కొడుతుంది, నిమ్మరసం పిండితే పోయింది. మన ఎండల్లో బయట పెడితే పావుగంటలో చెమట పట్టి జారిపోతుంది. అది దీని తప్పు కాదు, ఒంటి వేడికే కరిగే రకం కాబట్టే నాలుక మీద అంత హాయిగా కరుగుతుంది. మాంసం ముట్టని పక్కింటి ఆంటీకి చైనా గ్రాస్‌తో చేశాను. అది సముద్రపు నాచు నుంచి వస్తుంది, ప్రొటీన్ కాదు, పచ్చి పైనాపిల్ వేసినా చెక్కుచెదరలేదు. కానీ పంటి కింద పటుక్కున విరుగుతుంది, నాకు నచ్చలేదు.

నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు ఇవ్వలేదంటే, ఈ డబ్బా మీద పచ్చి పండ్ల గురించి ఒక్క ముక్క రాయలేదు సరికదా, ముందు వైపు నిగనిగలాడే పైనాపిల్ చక్రం బొమ్మ వేశారు.